బ్రామ్ స్టోకర్స్ డ్రాక్యులా (1992 చిత్రం)

బ్రామ్ స్టోకర్స్ డ్రాక్యులా 1992 నవంబరు 13న అమెరికాలో విడుదలైన హారర్ చిత్రం. దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా. గ్యారీ ఓల్డ్‌మన్, వినోనా రైడర్, ఆంథొనీ హాప్కిన్స్ ముఖ్య పాత్రధారులు. మూకీల నాటి కెమెరా ట్రిక్కులతో తీసిన సినిమాగా దీనికి చరిత్రలో విశిష్ట స్థానం ఉంది.

నేపథ్యం

ఐరిష్ రచయిత బ్రామ్ స్టోకర్ నవల 1897లో వెలువడింది. లూమియేర్ సోదరులు పారిస్‌లో టికెట్టు పెట్టి తొలి ప్రదర్శన ఇచ్చింది 1895లో. అంటే డ్రాక్యులా కథా, సినిమా కళా ఒకే ఈడువి. జేమ్స్ హార్ట్ రాసిన స్క్రిప్టును రైడర్ ద్వారా అందుకున్న కొప్పోలా, ఆ కాలపు కథను ఆ కాలపు పద్ధతుల్లోనే చూపాలని సంకల్పించాడు. కంప్యూటర్ లేకుండా కుదరదన్న ఎఫెక్ట్స్ బృందాన్ని తప్పించి, ఆ బాధ్యతను కొడుకు రోమన్‌కు అప్పగించాడు.

చిత్రీకరణ

చిత్రాన్ని దాదాపు పూర్తిగా స్టూడియో సెట్లలోనే తీశారు. ఛాయాగ్రాహకుడు మైఖేల్ బాల్‌హౌస్. డబుల్ ఎక్స్‌పోజర్, మినియేచర్లు, బ్యాక్ ప్రొజెక్షన్ విరివిగా వాడారు. డ్రాక్యులా కోటకు ప్రయాణమైన హార్కర్ డైరీ పేజీల మీదుగా రైలు సాగిపోయే షాటు కోసం పెద్ద డైరీని తయారుచేసి, దాని వెనుక బొమ్మ రైలును నడిపారు. కథానాయిక మీనా స్నేహితురాలు లూసీ శవపేటికలోకి వెనక్కి ఒరిగే దృశ్యాన్ని తిరగేసి చూపారు. అందుకే ఆ కదలిక మనిషి కదలికలా అనిపించదు. కోటలో డ్రాక్యులా కదలకుండా నిలబడి ఉంటే, గోడ మీది నీడ మాత్రం హార్కర్ గొంతు వైపు చేతులు చాస్తుంది. ఆ నీడను వేరొకరు అభినయించారు. 1922 నాటి మూర్నౌ చిత్రం ‘నోస్ఫెరాటు’లోని నీడ ఇక్కడ గుర్తుకొస్తుంది. డ్రాక్యులా లండన్ వీధిలో నడిచే దృశ్యాన్ని చేత్తో తిప్పే పాత పాథే కెమెరాతో తీశారు. అదే సన్నివేశంలో అతడు మీనాతో కలిసి సినిమాటోగ్రాఫ్ (తొలినాటి సినిమా ప్రదర్శన) చూడటానికి వెళ్తాడు.

ఆదరణ

సుమారు 4 కోట్ల డాలర్ల వ్యయంతో తీసిన ఈ చిత్రం ప్రపంచవ్యాప్తంగా 21 కోట్లకు పైగా వసూలు చేసింది. ఎయికో ఇషియోకా రూపొందించిన దుస్తులకు, మేకప్‌కు, సౌండ్ ఎఫెక్ట్స్ ఎడిటింగ్‌కు ఆస్కార్లు దక్కాయి.

అంచనా

తొలిసారి చూసినప్పుడు కథ లాక్కుపోతుంది. కెమెరా పనితనం కళ్లకు కట్టేది మళ్లీ చూసినప్పుడే. ఆ నీడలూ బొమ్మలూ నిజంగా లెన్సు ముందు కదిలినవే కాబట్టి, ఈ చిత్రంలోని భయం నేటికీ పాతబడలేదు.