రోజర్ విలియమ్స్: ప్రావిడెన్స్ నగర స్థాపన, మనస్సాక్షి స్వాతంత్ర్యము

సంఘమునకు, రాజ్యమునకు మధ్య హద్దు ఎక్కడ? ఈ ప్రశ్నకు ఒక నగరాన్నే జవాబుగా నిలిపినవాడు రోజర్ విలియమ్స్. ఆయన జీవితాన్ని, అందులోని వైరుధ్యాన్ని ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

సుమారు 1603లో లండనులో జన్మించిన విలియమ్స్ కేంబ్రిడ్జిలో చదివి, 1631లో ఉత్తర అమెరికాలోని మసాచుసెట్స్ వలస రాజ్యానికి చేరాడు. బోస్టన్ సంఘము ఆయనను బోధకునిగా పిలిచింది. ఇంగ్లాండు సంఘముతో సంబంధం తెంచుకోని సంఘములో సేవ చేయలేనని ఆయన నిరాకరించాడు. తరువాత ప్లిమత్, సేలం పట్టణాలలో ఉంటూ రెండు సంగతులు నిర్భయంగా బోధించాడు. మొదటిది, ఆ నేల స్థానిక జాతులది. వారియొద్ద కొనకుండ రాజు ఇచ్చిన పత్రముతో ఆక్రమించుట అన్యాయము. రెండవది, పది ఆజ్ఞలలో మొదటి పలకకు చెందిన ఆరాధన విషయాలలో శిక్ష విధించే అధికారము ప్రభుత్వానికి లేదు. 1635 అక్టోబరులో వలస న్యాయస్థానము ఆయనకు బహిష్కార శిక్ష విధించింది.

1636 జనవరిలో, తనను బంధించి ఇంగ్లాండుకు పంపబోతున్నారని తెలిసి, ఆయన మంచులో అడవి దారి పట్టాడు. ఆశ్రయమిచ్చినవారు స్థానిక జాతులవారే. నరగాన్సెట్ నాయకులైన కనానికస్, మియాంటోనోమి ఇచ్చిన భూమిలో ఆ సంవత్సరమే ఆయన ఒక ఊరు స్థాపించి, దేవుని కాపుదలకు గుర్తుగా 'ప్రావిడెన్స్' అని పేరు పెట్టాడు. నగరవాసుల తొలి ఒడంబడిక "పౌర విషయాలకు మాత్రమే" పరిమితమైనది. అమెరికాలో మొదటిదిగా చెప్పబడే బాప్టిస్టు సంఘము 1638లో అక్కడే ఆరంభమైనది. ఆయన కొన్ని నెలలకే దానిని విడిచాడు. అయినను 1836లో మన తెలుగు ప్రాంతానికి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషను మూలాలు ఆ చరిత్రతో ముడిపడియున్నవి.

1644లో ప్రచురించిన గ్రంథములో ఆయన గురుగుల ఉపమానాన్ని ఆధారము చేసికొన్నాడు. పొలము లోకమే గాని సంఘము కాదు. కాబట్టి కోతకాలమువరకు గురుగులను పెరుకుటకు రాజు ఖడ్గమునకు అధికారము లేదని వాదించాడు. సంఘ క్రమశిక్షణను ఆయన త్రోసివేయలేదు. 1672లో క్వేకర్ల బోధను బహిరంగంగా ఖండించాడు, కాని వారిని శిక్షించుమని కోరలేదు.

అయితే 1675లో వలసవారికి, స్థానిక జాతులకు యుద్ధము మొదలైనది. 1676 మార్చిలో ప్రావిడెన్స్ తగులబడినది. ఆయన ఇల్లు కూడ కాలిపోయినది. అదే సంవత్సరము, పట్టుబడిన స్థానికులను దాస్యమునకు అమ్మే ఏర్పాట్లు చేసిన నగర కమిటీలో ఆయన ఉన్నాడు. తనకు ఆశ్రయమిచ్చిన జనముల పట్ల ఆయన ఈ విధముగా ప్రవర్తించెను. 1683లో ఆయన మరణించాడు. 1936లో మసాచుసెట్స్ శాసనసభ ఆయన బహిష్కారాన్ని రద్దు చేసింది. అమ్మబడినవారికి అటువంటి రద్దు లేదు.

మన సంఘ స్థాపకుల చరిత్రలు వ్రాసేటప్పుడు ఇది గమనింపదగినది. దావీదు విజయాలతోపాటు ఊరియా సంగతిని కూడ లేఖనము దాచలేదు. విలియమ్స్ బోధ సత్యమే. ఆ సత్యముచేతనే ఆయన చివరి క్రియను కూడ మనము తూచవలెను.