రెండోసారి నీట్ రాస్తున్న మనవాళ్ళ కోసం కొంచెం చరిత్ర

నీట్‌లో ఒకసారి సీటు రాకపోతే చాలు, "మనకెందుకురా ఆ చదువులు" అంటారు. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో హాస్టళ్ళలో ఉండి చదివే మేమంతా ఈ మాట విన్నవాళ్ళమే. ఆ సీటు మనదాకా ఎట్లా వచ్చిందో తెలిస్తే ఈ మాటకి జవాబు దొరుకుద్ది.

బాపట్ల పక్కనే స్టూవర్టుపురం. బ్రిటిష్ వాళ్ళు ఎరుకల కుటుంబాల్ని నేరస్థ తెగల చట్టం కింద తెచ్చి అక్కడ సెటిల్‌మెంటులో పెట్టారు. బయటికి పోవాలంటే పాసు ఉండాలి. గుంటూరు మెడికల్ కాలేజీ మొదలైన 1946 నాటికి మనవాళ్ళ మీద ఆ ముద్ర ఇంకా ఉంది. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో.

అప్పుడు మన జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. మెడికల్ సీట్లు కమ్యూనల్ జీవో ప్రకారం పంచేవాళ్ళు. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకు, క్రైస్తవులకు కలిపి 1, ముస్లింలకు 1. గిరిజనులకంటూ విడిగా ఒక్కటీ లేదు. చంపకం దొరైరాజన్ కేసులో 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. జూన్‌లో రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చి 15(4) చేరింది. అందులో షెడ్యూల్డ్ తెగలు అని స్పష్టంగా రాసి ఉంది. ఇవాళ మన రాష్ట్రంలో మనకున్న 6 శాతం సీట్లకు ఆధారం అదే.

రెండో ప్రయత్నానికీ చరిత్ర ఉంది. 2017లో నీట్‌కి వయసు హద్దు పెట్టారు: 25 ఏళ్ళు, మనకైతే 30. 2022లో ఆ హద్దు తీసేశారు. ఇంట్లో మొదట కాలేజీ మెట్టెక్కినవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. ఫీజు కోసం ఒక ఏడాది పనికి పోయినా మళ్ళీ వచ్చి రాయొచ్చు.

అమెరికాలో సీటు రానివాళ్ళు వ్యాసాలు, సిఫారసు లేఖలు, ఆసుపత్రిలో సేవ చూపించి మళ్ళీ అప్లై చేస్తారు. మన దగ్గర చూసేది ర్యాంకు, కాగితాలు. 720 మార్కుల్లో బయాలజీ ఒక్కటే 360, ముందు దాన్ని గట్టి చేసుకోండి. తప్పు జవాబుకి ఒక మార్కు పోద్ది, ఊహించి పెట్టొద్దు. మనకి క్వాలిఫై అవ్వటానికి 40 పర్సంటైల్ చాలు, కానీ క్వాలిఫై వేరు, సీటు వేరు. కుల ధ్రువీకరణ పత్రం, స్టడీ సర్టిఫికెట్లు కౌన్సెలింగ్ వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే తీసుకోండి. పేరు, ఇంటిపేరు అన్నిట్లో ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. ఆప్షన్లు తక్కువ పెట్టొద్దు, చివరి రౌండు దాకా వదలొద్దు.

పాసు లేకుండా ఊరు దాటలేని తాతల మనవలం మనం. ఒక ఏడాది ఆలస్యమైతే ఏమీ కాదు.