అహోబల యాత్ర

సెలవులు సమీపించినంతనే మన పట్టణవాసులకు సముద్రము జ్ఞాపకమునకు వచ్చును. విశాఖపట్టణమునకో, బందరు దాపున నున్న మంగినపూడికో పోయి, ఇసుకలో నాలుగడుగులు నడచి, అలలలో పాదములు తడుపుకొని, ఎండ ముదరకమునుపే నీడ చేరుదురు. మేమును అట్లు పోయినవారమే. రాయలసీమవారికి అలలు లేవు. ఎండ మాత్రము సమృద్ధిగా కలదు. దానితోపాటు నల్లమల కలదు. ఆ నల్లమల తూర్పు అంచున కాక, పడమటి అంచున, మైదానము ఆగి కొండ లేచు చోట అహోబలము కలదు. చూడదగిన స్థలములను గూర్చి మాటలాడ నెంచినపుడు మాకు మొదట స్ఫురించినది ఆ చోటే.

నంద్యాలలో రైలు దిగి, నలువది కిలోమీటర్లకు పైగా దక్షిణముగా పోయిన ఆళ్లగడ్డ వచ్చును. 2022 ఏప్రిల్ నాటినుండి ఈ సీమ నంద్యాల జిల్లాలోనిది. అంతకుముందు కర్నూలు జిల్లాలోనిది. ఆళ్లగడ్డలో బస్సు మారువారు తొందరపడక కొంతసేపు వీధివెంబడి నడువవలెను. అచట శిల్పులు నేటికిని రాతిని చెక్కుచున్నారు. సగము మలచిన విగ్రహములు వాకిళ్లలో నిలిచి ఉండును. ఉలి చప్పుడు రోడ్డుమీదికి వినవచ్చును. అహోబలమున స్తంభములు చూచుటకు ముందు ఈ చప్పుడు వినిన కన్నునకు కొంత తర్ఫీదు కలుగును.

ఆళ్లగడ్డనుండి సుమారు 25 కిలోమీటర్లు పోగా దిగువ అహోబలము, అచటినుండి మరి 8 కిలోమీటర్లు కొండలలోనికి పోగా ఎగువ అహోబలము. జనులు నేడు అహోబిలమనుచున్నారు. బిలమనగా గుహ. ఎగువ అహోబలమున స్వామి వెలసినది గుహలోనే గనుక ఆ పేరు తగియే ఉన్నది. కాని హిరణ్యకశిపుని చీల్చిన నరసింహుని చూచి దేవతలు 'ఆహా, ఏమి బలము' అని అచ్చెరువందిరని మరియొక వ్యుత్పత్తి. శాసనములలోను, ప్రాచీన కావ్యములలోను అహోబలమనియే కానవచ్చును. మేమును ఆ పాత పేరునే వాడుచున్నాము.

ఈ క్షేత్రమును మొదట పాడినవారిలో తిరుమంగై ఆళ్వారు ఒకరు. వైష్ణవుల నూటయెనిమిది దివ్యదేశములలో ఇది ఒకటి యగుటకు ఆయన పాశురములే ఆధారము. ఆయన దీనిని సింగవేళ్ కున్ఱమనెను. ఆ పది పాటలలో రమ్యమైన వనవర్ణన కొరకు వెదకువారు నిరాశ చెందుదురు. వడగాలి, ఎండిన వెదుళ్లు, వింటితో తిరుగు వేటగాండ్రు, మానవమాత్రులు చేరరాని దారి — ఆళ్వారు చూపినది ఇది. వేసవిలో మధ్యాహ్నవేళ ఎగువ అహోబలమున నిలిచినవారు ఆ వర్ణనలో అతిశయోక్తి ఏమియు లేదని ఒప్పుకొందురు. అందుచే శీతకాలమే యాత్రకు మేలు.

ఇట్టి దుర్గమస్థలము సామాన్య యాత్రికునకు ఎట్లు అందినది? మా దృష్టిలో పదునాలుగవ శతాబ్దమే ఇందులకు కీలకము. 1323లో ఓరుగల్లు కూలినది. ఆ ప్రతాపరుద్రుడు ఒకప్పుడు ఈ ప్రాంతమున విడిసి, నిత్యార్చనకు బంగారు శివలింగమును పోత పోయింపగా అది నరసింహాకృతిగా వెలువడెనని స్థానికులు చెప్పుకొను కథ. ఆయన విడిసిన చోటే రుద్రవరమట. అది కథ. తరువాత జరిగినది చరిత్ర. అద్దంకి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును అహోబలమునకును సోపానములు కట్టించెను. అతని ఆస్థానమున నున్న ఎఱ్ఱన నృసింహపురాణమును రచించి, దానిని ఏ రాజునకును గాక అహోబల నృసింహునికే అంకితము చేసెను. ఒక తరములోనే రాజు రాతితో మెట్లు కట్టెను. కవి పద్యములతో కట్టెను. ఏవి ఎక్కువమందిని కొండ ఎక్కించినవో చెప్పుట కష్టము. ఆ శతాబ్దము ముగియువేళకు, 1398 ప్రాంతమున, ఆదివణ్ శఠకోపస్వామి అహోబల మఠమును స్థాపించెను. మఠాధిపతియైన జియ్యరు మాలోల నరసింహుని ఉత్సవమూర్తిని వెంటగొని దేశసంచారము చేయుట ఆ మఠమునకు ఆచారము. అన్నమాచార్యులు శఠకోపయతికడ వేదాంతము అభ్యసించెనని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు.

దిగువ అహోబలమున ప్రహ్లాదవరదుని ఆలయము విజయనగర శిల్పమునకు మంచి నిదర్శనము. మండప స్తంభములపై నరసింహుడు చెంచితను బ్రతిమాలుకొను బొమ్మలను వెదకి చూడవలెను. లోకమును వణకించిన ఉగ్రమూర్తి ఇచట ఒక అడవిపిల్ల ముందు దీనుడై నిలిచినాడు! 1958లో 'చెంచులక్ష్మి' చలనచిత్రము చూచినవారికి ఈ కథ క్రొత్తది కాదు; కాని శిల్పి వారికంటె నాలుగు వందల యేండ్లు ముందున్నాడు. ఆలయము ఎదుట నున్న స్తంభమును కృష్ణదేవరాయల జయస్తంభమని చూపుదురు. రాయలు కళింగ దండయాత్ర సందర్భమున 1515లో ఇచటికి వచ్చి, కంఠహారమును, రత్నఖచితములైన కడియములను, బంగారు పళ్లెరమును, వేయి వరహాలను స్వామికి సమర్పించినట్లు శాసనము చెప్పుచున్నది.

యాత్రికులకు చెప్పువారు సాధారణముగా రాయల కానుకలతో నిలిపివేయుదురు. మాకు అంతకంటె ముఖ్యముగా తోచినది మరియొక శాసనము. అది శాలివాహన శకము 1506, తారణ సంవత్సరము, అనగా క్రీస్తుశకము 1584 నాటిది. దాని పూర్వకథ ఇది. 1565లో రాక్షసి-తంగడి యుద్ధమున విజయనగరము చితికిన పిదప రాజధాని పెనుగొండకు మారినది. బహుధాన్య సంవత్సరమున, అనగా 1578లో, గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా పక్షమున సేనలు, హండె నాయకులు తోడుకాగా, అహోబలమును ఆక్రమించినవి. ఆలయసంపద దోపిడి అయినది. రాయలు ఇచ్చిన హారము వంటి వాటికి ఏ గతి పట్టియుండునో ఊహింపవచ్చును. ఐదారేండ్లు క్షేత్రము పరుల వశమున ఉండెను.

అప్పుడు మఠాధిపతియైన వణ్ శఠకోప జియ్యరు శ్రీరంగరాయల సన్నిధికి పోయి, అహోబలమును మరల నిలుపుమని అర్థించెను. ఆయనకు సేన లేదు, కోట లేదు. ఆ రాజునకును పూర్వపు రాయల బలము లేదు; నలుదిక్కుల శత్రువులు. అయినను ఆయన మాట త్రోసివేయబడలేదు. కొండరాజు వేంకటరాజు, తిరుమలరాజు అను నాయకులు సేనతో వచ్చి, హండెవారిని తరిమి, క్షేత్రమును తిరిగి స్వామిపరము చేసిరి. అందులకు ప్రత్యుపకారముగా ఆలయమున వారికి గౌరవమర్యాదలు ఏర్పరుపబడెను. ఇబ్రహీం కుతుబ్ షా 1580లోనే మరణించియుండెను.

దీనిని కేవలము రెండు మతముల కలహమని చదువుట తొందరపాటని మా అభిప్రాయము. హండె నాయకులు హిందువులే. సీమలు చేతులు మారుచున్న ఆ రోజులలో ప్రతి నాయకుడును తన నీడ తాను వెదకుకొనుచుండెను. అట్టివేళ ఒక సన్యాసి అడుగగా ఇద్దరు నాయకులు కదలుట, ఆ సంగతిని రాతిపై చెక్కించుట గమనింపదగినవి. ఆ రాయి లేకున్న అహోబలము ఐదారేండ్లు మూగవోయిన సంగతి నేడు మనకు తెలిసియుండెడిది కాదు. రాయల వైభవము తరువాత అంతయు సాఫీగా సాగెనని అనుకొనియుందుము.

మఠమునకును ఆలయమునకును గల ఈ సంబంధము ఇటీవల న్యాయస్థానములకును ఎక్కినది. ఆలయము మఠములో అంతర్భాగమనియు, దానికి ప్రభుత్వము కార్యనిర్వహణాధికారిని నియమింపరాదనియు ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము 2022లో తీర్పు చెప్పగా, 2023 జనవరిలో సుప్రీంకోర్టు అందులో జోక్యము చేసుకొనలేదు.

ఇక ఎగువకు పోదము. నవనారసింహుల పేర్లు జ్వాల, అహోబల, మాలోల, క్రోడ, కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట, పావనములు. జీపు కుదుర్చుకొని తొమ్మిదింటిని ఒక్క దినమున ముగింపవలెనను పట్టుదల యాత్రికులలో ప్రబలినది. అది లెక్క తీర్చుకొనుటయే గాని చూచుట కాదు. కనీసము రెండు దినములు ఉండుడు. ఛత్రవట, యోగానంద, భార్గవములు దిగువ అహోబలమునకు దగ్గర, వృద్ధులును పోవచ్చును. కానుగచెట్టు క్రింద ధనుర్ధరుడై కూర్చున్న కారంజ నరసింహుని ఎగువకు పోవు దారిలోనే చూడవచ్చును. ఎగువ ఆలయపు గుహనుండి భవనాశిని వాగు వెంట జ్వాలా నరసింహునివైపు నడుచునపుడు మాత్రము చేతికఱ్ఱ, నీరు, ఓపిక మూడును కావలెను. బండరాళ్లమీద దాటుచు, ఎక్కుచు పోగా, కొండకొమ్ము క్రింద స్వామి, ప్రక్కనే రక్తకుండము. హిరణ్యకశిపుని వధించి స్వామి చేతులు కడుగుకొనిన చోటని చెప్పుదురు. దానికి పైన ఉగ్రస్తంభము — నిలువున చీలిన శిఖరము. స్వామి వెడలివచ్చిన కంబము అదియే అని నమ్మిక. మేము సగము ఎక్కి, మోకాళ్ల మాట విని, క్రిందనే కూర్చుండి చూచితిమి. క్రిందినుండి చూచినను ఆ చీలిక చిన్నదిగా కానరాదు.

పావన నరసింహుడు అన్నింటికంటె అడవి లోపల. చుట్టుపట్ల జనులు ఆయనను పాములేటి స్వామి యందురు. ఈ అడవి చెంచులది. చెంచులక్ష్మి వారి ఆడపడుచు. కనుక స్వామి వారికి అల్లుడు. ఈ బంధుత్వము మాటవరుసకు చెప్పునది కాదు. ఏటేట సంక్రాంతి మరునాడు కనుమ దినమున పారువేట ప్రారంభమగును. ఉత్సవమూర్తులు పల్లకి ఎక్కి, సుమారు నలువది దినములు, ముప్పదికి పైగా గ్రామములు తిరుగుదురు. ఫాల్గుణమున జరుగు తన పెండ్లికి స్వామి స్వయముగా పోయి పిలుచుకొని వచ్చుటయే దాని అర్థము. పల్లకి వచ్చిన ఊరిలో ఆ రాత్రి పండుగ. దూరమున ఉన్న బిడ్డలు ఆ దినమునకు ఇంటికి చేరుదురు. జనవరి, ఫిబ్రవరి మాసములలో పోవువారు దిగువ అహోబలమున ఉత్సవమూర్తులు కానరాలేదని చింతింపక, పల్లకి ఆ దినమున ఏ ఊరిలో ఉన్నదో అడిగి తెలిసికొని, అచటికే పోవుట మంచిది.