తపతి ముఖద్వారాన డుమస్: వాణిజ్యం సాక్షిగా, నిర్ణయానికి దూరంగా

డుమస్ పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేవి దయ్యాల కథలు. సూరత్‌కు ఇరవై కిలోమీటర్ల దూరంలో నల్లని ఇసుక తీరం, అక్కడ ఒకప్పుడు శ్మశానం ఉండేదన్న ప్రచారం, రాత్రివేళ వినిపిస్తాయని చెప్పుకునే గుసగుసలు. ఆ కథలను నమ్మేవారు నమ్ముతారు, నవ్వుకునేవారు నవ్వుకుంటారు. అయితే నాలుగు శతాబ్దాల ప్రపంచ వాణిజ్యం కళ్లెదుటే సాగిపోయిన ఒక ఊరికి చివరకు దయ్యాల ఖ్యాతి మిగలడం యాదృచ్ఛికం కాదు. ఓడ ఎవరిదో, సరుకు ఎవరిదో, సుంకం ఎవరికి చెల్లిందో చరిత్ర శ్రద్ధగా నమోదు చేసింది. తీరాన బతికినవారికి ఆ వ్యవహారంలో ఏ మేరకు మాట చెల్లిందో నమోదు చేయలేదు. డుమస్ చరిత్రలో అసలు ప్రశ్న అదే.

తపతీ నది అరేబియా సముద్రంలో కలిసే చోట దక్షిణపు ఒడ్డున డుమస్ ఉంది. ఆవలి ఒడ్డున హజీరా, ఇంకా ఉత్తరాన సువాలీ. ఖంభాత్ సింధుశాఖలో ఆటుపోట్ల తేడా ఎక్కువ. నది తెచ్చే ఒండ్రు ముఖద్వారం వద్ద మేట వేస్తుంది. అందువల్ల పెద్ద ఓడలు సూరత్ నగరం దాకా వెళ్లలేక సువాలీ వద్ద లంగరు వేసేవి. సరుకు అక్కడినుంచి చిన్న పడవలమీద, ఎడ్లబండ్లమీద నగరానికి చేరేది. మొగల్ సామ్రాజ్యపు ప్రధాన రేవుగా సూరత్ వెలిగిన కాలమంతా, ఆ వెలుగుకు చమురు పోసింది ఈ తీరపు శ్రమే.

1612 చివరలో సువాలీ ఎదుట థామస్ బెస్ట్ నాయకత్వంలోని ఇంగ్లీషు ఓడలు పోర్చుగీసు నౌకాదళాన్ని ఎదిరించి నిలిచాయి. మరుసటి ఏడాది జహంగీర్ ఫర్మానాతో సూరత్‌లో ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం స్థిరపడింది. అంతకు రెండేళ్ల ముందే, 1611లో, అదే కంపెనీ గోల్కొండ రాజ్యపు రేవైన మచిలీపట్నంలో కాలు మోపిందని తెలుగు పాఠకులకు గుర్తుచేయడం అవసరం. పడమటి తీరాన సూరత్, తూర్పు తీరాన మచిలీపట్నం ఒకే వ్యాపారానికి రెండు తలుపులు. రెండు చోట్లా కంపెనీకి కావలసింది ప్రధానంగా బట్ట. రెండు చోట్లా అనుమతి ఇచ్చింది దూరాన ఉన్న పాలకుడు. బట్ట నేసిన సాలెను, పడవ నడిపిన సరంగును ఎవరూ అడగలేదు.

ఆ రెండు తలుపులకూ నడుమ ఉన్న బంధం 1630–32 కరవులో బయటపడింది. గుజరాత్‌లో వానలు తప్పి, జనం లక్షల్లో చనిపోయారు. నేతగాళ్లు కొందరు మరణించారు, మరికొందరు ఊళ్లు వదిలి వెళ్లిపోయారు. బట్ట దొరక్క ఐరోపా కంపెనీలు కోరమండల్ తీరం వైపు మరింతగా మళ్లాయి. ఒక చోట నేతగాడి చావు, మరో చోట నేతగాడికి గిరాకీ అయింది. వాణిజ్య చరిత్రలు దీనిని మార్కెట్ తరలింపు అంటాయి. మగ్గం వైపు నిలబడి చూస్తే అది నేతగాడి నిస్సహాయత.

తరువాతి కథ తెలిసిందే. 1664లోను, 1670లోను శివాజీ దాడులు జరిగాయి. 1687లో కంపెనీ తన ప్రధాన స్థావరాన్ని బొంబాయికి మార్చుకుంది. 1759లో సూరత్ కోట ఇంగ్లీషువారి చేతికి వచ్చింది, 1800 నాటికి నగర పాలన పూర్తిగా వారిదైంది. ఈ క్రమంలోనే 1791లో సూరత్ పొరుగున సచిన్ సంస్థానం పుట్టింది. జంజీరా ద్వీపదుర్గాన్ని ఏలిన ఆఫ్రికా సంతతి సిద్దీలలో ఒక వారసుడు, జంజీరాపై తన హక్కును పీష్వాకు వదులుకొని, బదులుగా సూరత్ దాపున కొన్ని గ్రామాలు పొందాడు. జంజీరా మాత్రం పీష్వాకు దక్కలేదు. సచిన్ నవాబుల పాలన 1948లో బొంబాయి రాష్ట్రంలో విలీనమయ్యేవరకు సాగింది. ఆఫ్రికా మూలాలున్న వంశం గుజరాత్ గడ్డపై ఒకటిన్నర శతాబ్దానికి పైగా రాజ్యం చేయడం ఈ తీరపు వైవిధ్యానికి నిదర్శనం. అయితే ఆ రాజ్యం ఏర్పడిన తీరు మరో సంగతి చెబుతుంది. ఊళ్లు చేతులు మారాయి, పత్రాలపై ముద్రలు పడ్డాయి, ఆ ఊళ్లలోని రైతులు, జాలరులు తమ ప్రభువు మారాడని తరువాత తెలుసుకున్నారు.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ పద్ధతి మారవలసింది. కొంత మారింది, కొంత మారలేదు. 1980లలో ముంబయి సముద్రపు సహజవాయువు హజీరా ఒడ్డుకు చేరింది. ఓఎన్‌జీసీ కర్మాగారం, క్రిభ్‌కో ఎరువుల కర్మాగారం, ఉక్కు, పెట్రో రసాయనాలు, ఆ తరువాత రేవులు వరుసగా వెలిశాయి. డుమస్ నుంచి చూస్తే నదికి ఆవలి ఒడ్డు భారతదేశపు పెద్ద పారిశ్రామిక వాడలలో ఒకటి. హజీరా రేవు విస్తరణ తమ వేటను, మడ అడవులను దెబ్బతీస్తోందని అక్కడి మత్స్యకారులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించారు. 2016 జనవరిలో ట్రిబ్యునల్ పర్యావరణ అనుమతిని రద్దుచేసి, 25 కోట్ల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. తరువాత సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసింది. న్యాయపరంగా ఎవరిది ఒప్పు అన్నది ఒక ప్రశ్న. తమ తీరం గురించి తమ మాట చెప్పడానికి జాలరి కోర్టు గడప తొక్కవలసిరావడం మరో ప్రశ్న.

ఇదే కాలంలో నగరం వైపున మరో జనప్రవాహం స్థిరపడింది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు చేతిమగ్గానికి బతుకు దొరక్క సోలాపూర్, భివండీ, సూరత్ బాట పట్టారు. సూరత్‌లో లింబాయత్, ఉధనా ప్రాంతాల మరమగ్గాల మీద సింథటిక్ చీరలు నేసిన చేతుల్లో తెలుగు చేతులు తక్కువేమీ కావు. ఒరిస్సా, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్ చేతులూ వాటి పక్కనే ఉన్నాయి. మార్కండేయుణ్ణి మూలపురుషుడిగా కొలిచే ఆ కులం తన దేవుణ్ణి, తన బతుకమ్మను వెంట తెచ్చుకుంది. వినాయక నిమజ్జనానికి నగరపు పెద్ద విగ్రహాలు చేరే సముద్రతీరాలలో డుమస్ కూడా ఒకటి. సెలవు రోజున ఆ తీరపు టమాటా బజ్జీల కొట్ల ముందు గుజరాతీతోపాటు దేశంలోని అనేక భాషలు వినిపిస్తాయి.

బయటివారిని నగరం ఎలా చూసిందన్నదానికి 1994 సెప్టెంబరు ఒక పరీక్ష. ప్లేగు భయంతో లక్షలాదిమంది రోజుల వ్యవధిలో సూరత్ విడిచిపోయారు. వారిలో వలస కార్మికులే ఎక్కువ. మురికివాడల్లో చెత్త, మురుగు పేరుకుపోతుంటే పట్టించుకోని పాలన ఆ రోజు దోషిగా నిలబడింది. మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు, ఇంటిపేరుతోనే తెలుగువారని తెలిసే ఐఏఎస్ అధికారి, అధికారాలను జోన్ల స్థాయికి పంచి, అధికారులను రోజూ వీధుల్లోకి పంపి, నగరాన్ని రెండేళ్లలోపే దేశంలోని పరిశుభ్ర నగరాల సరసన నిలిపారు. పాలన వీధిదాకా దిగివస్తే ఏమవుతుందో ఆ అనుభవం చూపింది. నగరపాలక పాఠశాలలు గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూలతోపాటు ఒడియా, తెలుగు మాధ్యమాల్లోనూ చదువు చెప్పడం స్థానిక పాలన చేయగల మరో మంచి పని. పద్మశాలీ పిల్లవాడికి పరాయి గడ్డమీద సొంత అక్షరం దొరికింది గాంధీనగర్ వల్లో ఢిల్లీ వల్లో కాదు, నగరపాలక సంస్థ వల్ల.

2006లో సూరత్ నగరం 27 గ్రామ పంచాయతీలను, 8 పురపాలికలను కలుపుకొని దాదాపు 112 చదరపు కిలోమీటర్ల నుంచి 326 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. డుమస్ నగరంలో కలిసింది ఆ విస్తరణలోనే. దీనివల్ల నీరు, రోడ్లు, మురుగుకాల్వలు వస్తాయన్నది నిజం. కాని గ్రామానికి రాజ్యాంగం ఇచ్చిన గ్రామసభ నగరంలో ఉండదు. ఊరివారంతా ఒకచోట కూర్చుని ప్రశ్నించే హక్కు పోయి, భటార్, వేసు, డుమస్ కలిసిన వార్డుకు నలుగురు కార్పొరేటర్లు మిగిలారు. కార్యనిర్వహణ అధికారం రాష్ట్రం నియమించే కమిషనర్‌దే. మంచి కమిషనర్ వస్తే మంచి పాలన అన్నది అదృష్టం. దానిని హక్కు అనలేం.

ఆ పరిసరాల్లోనే 2023 డిసెంబరు 17న సూరత్ విమానాశ్రయపు కొత్త టెర్మినల్, ఖాజోద్‌లో నాలుగున్నర వేల కార్యాలయాల వజ్రాల కేంద్రం ఒకే రోజు ప్రారంభమయ్యాయి. నాలుగు నెలలకు, 2024 ఏప్రిల్‌లో, సూరత్ లోక్‌సభ స్థానం పోలింగ్ లేకుండానే ఏకగ్రీవమైంది. డుమస్, లింబాయత్, ఉధనా నవ్‌సారీ నియోజకవర్గంలో ఉన్నందున అక్కడివారు ఓటు వేయగలిగారు. నగరంలో మిగిలిన లక్షలమందికి ఆ అవకాశం కూడా దక్కలేదు. ఇంత సంపద పండే చోట ప్రజల మాటకు చోటు ఇంత ఇరుకుగా ఉండడం సహజమని సరిపెట్టుకోలేం.

2017లో వరంగల్ వద్ద కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు, సూరత్, భివండీ, సోలాపూర్ వెళ్లిన నేతగాళ్లను వెనక్కి రప్పించడం లక్ష్యమన్నారు. 2023లో కేంద్రం ప్రకటించిన ఏడు పీఎం మిత్ర జౌళి పార్కుల్లో వరంగల్ ఉంది, డుమస్‌కు దక్షిణాన నవ్‌సారీ కూడా ఉంది. పదిహేడవ శతాబ్దపు రెండు తలుపులు ఇప్పుడు ఒకే ప్రభుత్వ జాబితాలో చేరాయి. మగ్గం ఎక్కడికి కదిలితే నేతగాడూ అక్కడికి కదలాలన్న పాత లెక్క మాత్రం అలాగే ఉంది. వెనక్కి రమ్మనేవారు, ఉండమనేవారు ఆయన నైపుణ్యం గురించే మాట్లాడుతున్నారు. ఆయన ఉంటున్న వాడకు, ఆయన పిల్లలు చదివే బడికి సంబంధించిన నిర్ణయంలో ఆయనకు భాగం ఇస్తామని ఇంతవరకు ఏ పార్కు శిలాఫలకమూ చెప్పలేదు. డుమస్ జాలరికి, లింబాయత్ పద్మశాలీకి ఉమ్మడిగా మిగిలిన బాకీ అదే.