సివంగి కంచంలో మాంసం

వేటమృగాన్ని పెంచేవారికి మొదటి సమస్య మాంసమే. పాశ్చాత్య దేశాల్లో ఫెర్రెట్ అనే చిన్న వేటజంతువును పెంచేవారు పచ్చిమాంసాన్ని ముక్కలు చేసి గడ్డకట్టించి, ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో చల్లని అరలోకి మార్చి మెల్లగా కరిగిస్తారు. మంచుపెట్టె లేని కాలంలో మన రాజులు అంతకంటే ఎన్నో రెట్లు పెద్దదైన మృగాన్ని పెంచారు. అదే చీతా, కొందరు సివంగి అంటారు. చిరుతపులి వేరు, ఇది వేరు. చీతా అన్న పేరు సంస్కృత చిత్రక శబ్దం నుంచి పుట్టింది.

దీని భోజనానికి కొలతలు అబుల్ ఫజల్ రచించిన అయినీ అక్బరీలో ఉన్నాయి. అక్బరు కొలువులో చీతాలకు ఎనిమిది తరగతులు. మొదటి తరగతి చీతాకు రోజుకు 5 సేర్ల మాంసం, చివరి తరగతి దానికి 2¾ సేర్లు. అక్బరు కాలపు సేరు నేటి లెక్కలో కిలోకు మూడింట రెండు వంతులకు కొంచెం తక్కువ గనుక, మొదటిది సుమారు మూడు కిలోలన్నమాట. ఆదివారంనాడు జంతువధ లేదు. కాబట్టి శనివారమే రెండింతల మాంసం పెట్టేవారు. మాంసాన్ని నిలవ ఉంచలేని చోట మృగం కడుపునే నిలవగదిగా చేసుకున్నారు!

కొలత ప్రకారం పెట్టేది జీతమైతే, వేటలో ఇచ్చేది బహుమానం. కళ్ళకు గంతలు కట్టిన చీతాను ఎద్దులబండి మీద జింకల మంద దగ్గరకు తీసుకువెళ్ళి, గంతలు విప్పి వదిలేవారు. అది జింకను పడగొట్టగానే మావటి పరుగున చేరి, జింక గొంతు కోసి, వెచ్చని నెత్తురును చెక్కగరిటెలో పట్టి దాని మూతికందించేవాడు. చీతా గరిటె మీద ధ్యాస పెట్టగానే వేట మనిషి చేతికి వచ్చేది. బలంతో కాక రుచితో మృగాన్ని లొంగదీసే విద్య ఇది.

ఈ విద్య దక్షిణాదికీ పరాయిది కాదు. 1760లలో మద్రాసు గవర్నరుగా ఉండిన జార్జి పిగట్ ఇంగ్లండు రాజుకు ఒక చీతాను కానుకగా పంపాడు. దానివెంట వెళ్ళిన ఇద్దరు భారతీయ సేవకులను జార్జి స్టబ్స్ గీసిన చిత్రంలో నేటికీ చూడవచ్చు. విజయనగరం రాజావారి చీతా 1880లో జరిగిన వేటలో ఇర్విన్ అనే ఆంగ్లాధికారిని గాయపరచగా ఆయన మరణించినట్లు నమోదై ఉంది. మనిషి చీతావల్ల చనిపోయిన సంఘటనలు చరిత్రలో అత్యంత అరుదు.

ఇంత నేర్పుతో తిండి పెట్టినవారికి ఒక్క పని మాత్రం చేతకాలేదు. చీతా బందీగా ఉండి పిల్లల్ని కనలేదు. తన తండ్రి వెయ్యి చీతాలను పోగుచేసినా అవి జతకట్టలేదని జహంగీరు రాసుకున్నాడు. ఒక్కసారి మాత్రం మూడు పిల్లలు పుట్టడం ఆయనకే వింత అయింది. తరువాత బందీ చీతా ఈనినట్టు నమోదైనది 1956లో, ఫిలడెల్ఫియా జంతుశాలలో. అంటే కొలువులోని ప్రతి చీతానూ అడవి నుంచి పట్టి తేవలసిందే. ఫెర్రెట్ రెండువేల యేళ్ళకు పైగా మనిషి ఇంట్లోనే ఈనుతూ వచ్చింది. చీతా మాత్రం మనిషి చేతి తిండి తింటూనే తరిగిపోయింది. ఇరవయ్యో శతాబ్ది తొలిభాగానికి మన సంస్థానాధీశులు చీతాలను ఆఫ్రికా నుంచి కొని తెచ్చుకున్నారు.

ఇక మన సీమ మాట. 1952లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో కిర్క్‌పాట్రిక్ అనే ఆయన చిత్తూరు జిల్లాలో చీతా కనిపించిన సంగతిని ప్రకటించారు. దక్షిణభారతంలో దానికి సంబంధించిన చివరి నమోదుల్లో ఇదొకటి. ఆ యేడే దేశంలో చీతా అంతరించినట్టు ప్రకటించారు. పుంగనూరు, మదనపల్లె, కుప్పం ఈ జిల్లాలో భాగంగా ఉన్న రోజులవి.

ఇదే నేలలో ఇంకొక ప్రాణి కూడా అంతరించే దశకు వచ్చింది: మూడడుగుల ఎత్తు కూడా ఉండని పుంగనూరు ఆవు. అది నిలిచింది. పలమనేరు పశుపరిశోధన కేంద్రంలో శుద్ధమైన జాతిని వెదకి, ఈనించి, సంతతిని పెంచారు. ఒకే జిల్లాలో రెండు ప్రాణులు, రెండు గతులు. ఒకదానికి మనం మేత పెట్టి దూడల్నీ దక్కించుకున్నాం. ఇంకొకదానికి సేరు తూచి మాంసం పెట్టి, సంతతిని పోగొట్టుకున్నాం. పోషణ వేరు, సంరక్షణ వేరు అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి ఎనిమిది చీతాలు మధ్యప్రదేశ్‌లోని కునో అడవికి వచ్చాయి. క్వారంటైన్‌లో వాటికి దున్నమాంసం పెట్టారు. 2023 మార్చిలో అక్కడ నాలుగు పిల్లలు పుట్టాయి. ఎన్ని కిలోలు తిన్నాయన్నది కాదు, ఎన్ని పిల్లలు బతికి స్వయంగా వేటాడాయన్నదే ఇకమీదటి లెక్క. అక్బరు పద్దుపుస్తకంలో ఆ లెక్కకు చోటు లేదు.

మీ ఊళ్ళ పెద్దలనుంచి సివంగి ముచ్చట్లు వినివుంటే, దయచేసి రాసి ఉంచండి. ఆ జ్ఞాపకాలకు కూడా సంతతి ఉండాలి కదా.