యేవలా నుంచి నాగపూర్ దాకా 21 ఏళ్లు



హాస్టల్ మీటింగుల్లో పిల్లలు నన్ను తరచుగా రెండు ప్రశ్నలు అడుగుతారు. ఒకటి: "అన్నా, ఉద్యమంలో ఉన్నోళ్లకు ధ్యానం, బుద్ధవందనం ఎందుకు? అంత టైమెక్కడిది?" రెండోది: "హిందువుగా చావనని 1935లోనే చెప్పిన బాబాసాహెబ్ 1956 దాకా ఎందుకు ఆగారు?" నా లెక్కన ఈ రెండింటికీ జవాబు ఒకే చోట ఉంది.

1935 అక్టోబర్ 13న యేవలా. 1956 అక్టోబర్ 14న నాగపూర్. ఈ మధ్యలో బుద్ధుడు ఆయనకు కొత్తగా పరిచయమైనవాడు కాదు. 1907లో మెట్రిక్ పాసైనప్పుడే కేలుస్కర్ గారు తాను రాసిన బుద్ధచరిత్రను ఆయన చేతిలో పెట్టారు. తన ఒక్కడి మనశ్శాంతే కావాలనుకుంటే యేవలా నుంచి వచ్చిన వారంలోనే దీక్ష తీసుకునేవారు. అలా చేయలేదు. 1936 మేలో ముంబయి మహర్ సభలో మతమార్పిడి గురించి లౌకికంగానూ ఆధ్యాత్మికంగానూ గంటల తరబడి విడమర్చి చెప్పి, ఆలోచించి తేల్చుకోమని జనానికే వదిలారు. జనం సిద్ధం కాకుండా నాయకుడు ఒక్కడే ఒడ్డు చేరితే అది విముక్తి కాదని ఆయనకు తెలుసు.

ఆ తర్వాత పని మీద పని. 1936లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ, 1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ, 1947లో రాజ్యాంగ ముసాయిదా కమిటీ, ఆ వెంటనే హిందూ కోడ్ బిల్లు. 1951లో మంత్రి పదవికి రాజీనామా. 1952లో ముంబయిలో, 1954లో భండారాలో ఎన్నికల్లో ఓటమి. ఒంట్లో షుగరు.

అయినా లోపలి పని ఆగలేదు. రాజ్యాంగం తయారవుతున్న రోజుల్లోనే, 1948లో, మద్రాసు ప్రొఫెసర్ పి. లక్ష్మీనరసు బౌద్ధ గ్రంథాన్ని తన ముందుమాటతో మళ్లీ అచ్చు వేయించారు. 1950లో మహాబోధి పత్రికకు వ్యాసం రాశారు. 1954లో రంగూన్ బౌద్ధ మహాసభకు వెళ్లారు. జబ్బుతోనే 'బుద్ధుడు, ఆయన ధమ్మం' రాశారు. అది అచ్చులో వచ్చింది 1957లో, ఆయన పోయాక.

ఆ పుస్తకంలోనే మన మొదటి ప్రశ్నకు జవాబుంది. ఒంటరి మనిషికి ధమ్మంతో పనిలేదు, ఇద్దరు మనుషులు కలిసి బతకాల్సిన చోటే ధమ్మం కావాలి అంటారాయన. అలాంటప్పుడు సాధన వేరు, నాయకత్వం వేరు ఎలా అవుతాయి? పొద్దున కళ్లు మూసుకుని కూర్చున్నవాడు సాయంత్రం కమిటీలో చెల్లెలి మాట విననివ్వకపోతే, ఆ కూర్చోవడం దండగ. పగలంతా నినాదాలిచ్చి రాత్రి తన కోపాన్ని తాను చూసుకోలేనివాడు రేపు మన మీదే దొరతనం చేస్తాడు.

దీనికి మూల్యం లేదని నేననను. దీక్ష తర్వాత ఆయన బతికింది రెండు నెలలు కూడా కాదు. తలపెట్టిన రిపబ్లికన్ పార్టీని చూడలేదు. మన కార్యకర్తలు కూడా ఒళ్లు గుల్ల చేసుకుంటున్నారు. ఉద్యమమంటే అదేనని దయచేసి అనుకోకండి.

నాగపూర్‌లో ముందు ఆయన భిక్షు చంద్రమణి గారి దగ్గర దీక్ష తీసుకున్నారు. ఆ తర్వాత లక్షల మందికి తానే ఇచ్చారు. ఆయన చెప్పించిన 22 ప్రతిజ్ఞలు చూడండి, "మా నాయకుడు" అన్న మాట ఎక్కడా లేదు. ప్రతి ఒక్కరూ తన నోటితో "నేను" అని పలకాల్సిందే.

జై భీమ్.