గోదావరీ మండలమున విద్యాపన్ను బడులు: ప్రమాణము, బాధ్యత

మదరాసు రాజధానిలో 1863వ సంవత్సరమున వెలువడిన ఆరవ చట్టము విద్యాశాసనముగా ప్రసిద్ధము. అది ఏ సిద్ధాంతమునుండియో పుట్టినది కాదు. గోదావరీ మండలపు గ్రామములలో అప్పటికే జరుగుచుండిన యొక యేర్పాటునకు చట్టబద్ధత కల్పించుటకై ముఖ్యముగా చేయబడినది. ఆ యేర్పాటు గ్రామస్థులు తమ శిస్తుతో పాటు కొంత విద్యాపన్ను చెల్లించి తమ యూర బడి నిలుపుకొనుట. పాఠశాలల ప్రమాణములను గూర్చియు, వాని యధికారుల బాధ్యతను గూర్చియు నేడు చర్చలు జరుగునపుడు ఈ పూర్వవృత్తాంతము తరచుగా విస్మరింపబడుచున్నది. పాఠశాల ఎవరికి జవాబు చెప్పవలెనను ప్రశ్నకు మన మండలమున కాలక్రమమున లభించిన సమాధానములను ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి.

ముందుగా పూర్వస్థితిని గమనింపవలెను. 1822లో సర్ థామస్ మన్రో రాజధానియందలి పాఠశాలల లెక్కలు పంపవలసినదిగా కలెక్టర్లను ఆదేశించెను. 1826 నాటికి ఆ లెక్కలు పూర్తియై, రాజధాని మొత్తమున 12,498 పాఠశాలలును, వానిలో 1,88,650 మంది విద్యార్థులును ఉన్నట్లు తేలెను. రాజమహేంద్రవరపు మండలమున 291 పాఠశాలలును, వేదశాస్త్రములు చెప్పు స్థానములు 279యును నమోదైనవి. బడులలో చదువబడు గ్రంథముల పట్టికను కూడ ఆ కలెక్టరు పంపెను. సుమతి శతకము, దాశరథీ శతకము, గజేంద్రమోక్షము, అమరము, ఆంధ్రనామసంగ్రహము, పావులూరి గణితము అందు కానవచ్చును. తెలుగు శాఖల పరిశోధకులకు ఆ పట్టిక యొక యమూల్యమైన ఆకరము; పందొమ్మిదవ శతాబ్ది మొదటి పాదమున సామాన్య విద్యావంతుని సాహిత్యపరిచయ మెంతటిదో అది తెలుపుచున్నది.

ఆ వీథిబడులలో ప్రమాణమును నిర్ణయించు అధికారి లేడు. పంతులుకు జీతము పిల్లవాని యింటినుండి వచ్చెను. చదువు నచ్చనిచో తండ్రి పిల్లవానిని మానిపించెను. బాధ్యత సూటిగా నుండెను గాని అది మిక్కిలి యిరుకైనది. జీత మియ్యలేని యింటివాడును, అంటరానివాడుగా నెంచబడినవాడును ఆ యరుగు మీదికి రాలేదు. బాలికల సంఖ్య అత్యల్పము. కనుక పూర్వపు వీథిబడిని స్వర్ణయుగముగా వర్ణించుటయు, అజ్ఞానమునకు నిలయమని త్రోసివేయుటయు రెండును సరికావు.

1847లో ఆరంభమైన ధవళేశ్వరపు ఆనకట్ట 1852 నాటికి పూర్తియయ్యెను. గౌతమీ వసిష్ఠల నడుమనున్న కోనసీమకును, వసిష్ఠకు పడమటనున్న నరసాపుర ప్రాంతమునకును కాలువనీరు అందెను. రైతునకు పంట నిశ్చయమైనకొలది లెక్కలు, దస్తావేజులు, రసీదులు తానే చదువుకొనవలెనను కోరికయు బలపడెననుట సహజము. ఆ దశాబ్దపు నడిమి సంవత్సరములలో రాజమహేంద్రవరమున సబ్ కలెక్టరుగా నుండిన జి. ఎన్. టేలరు నరసాపురమున ఒక పాఠశాలను, సమీపపు ఊళ్లలో శాఖాపాఠశాలలను నెలకొల్పెను. వానిని చూచిన గ్రామస్థులు తమ యూళ్లకును బడులు కావలెనని కోరిరి. శిస్తు మీద కొంత భాగము అదనముగా చెల్లింప నంగీకరించిరి. జమాబందీలోనే ఆ మొత్తము చేర్చబడెను. 1854 నాటి ఉడ్ విద్యాలేఖ యనంతరము 1855లో మదరాసున విద్యాశాఖ యేర్పడి, అలెగ్జాండరు ఆర్బత్ నాట్ దానికి తొలి డైరెక్టరయ్యెను. గోదావరీతీరపు ఈ ప్రయత్నము ఆ శాఖ దృష్టిని వెంటనే ఆకర్షించెను.

అయితే ఇందొక చిక్కు దాగియున్నది. శిస్తుతో కలిపి వసూలగు పన్ను ఎంతవరకు స్వచ్ఛందము? సర్కారు ఉద్యోగి యెదుట నిలిచిన రైతు 'సరే' యన్నమాటకు విలువ యెంత? ఒకసారి యంగీకరించినవాడు మరుసటియేట వల్లకాదన్నచో నతనిని నిర్బంధించు శాసనాధికార మెక్కడిది? 1863 చట్టము ఈ చిక్కును తీర్చుటకు యత్నించెను. ఊరివారు కోరినచోట పన్ను విధించుటకును, పాఠశాలను నడపుటకై కమిషనర్లను నియమించుటకును అది వీలు కల్పించెను. కాని కోరి పన్ను తెచ్చుకొను గ్రామములు రాజధానిలో అరుదు. గోదావరీ మండలమునకు వెలుపల ఆ చట్టము వేళ్లూనలేదు. 1871లో స్థానికనిధుల చట్టము రాగా పన్ను బడులు కలెక్టరు అధ్యక్షతగల స్థానికనిధి సభల యధీనమునకు పోయెను. తన యూరి బడికై చెల్లించిన రైతు ఇపుడు మండలపు నిధికి చెల్లించువాడయ్యెను. నిధి నిలుకడ పొందెను. బడికిని ఊరికిని నడుమ దూరము పెరిగెను.

ఈ కాలముననే మరియొక పద్ధతి ప్రవేశించెను. ఇంగ్లండులో 1862 నాటి సవరింపబడిన నిబంధనావళి ననుసరించి రాబర్టు లో పాఠశాలల సహాయధనమును పరీక్షాఫలితములతో ముడివేసెను. కవియు, పాఠశాలల ఇన్ స్పెక్టరును అయిన మాథ్యూ ఆర్నల్డు దానిని తీవ్రముగా విమర్శించెను. మదరాసు రాజధానిలో 1865, 1868 సంవత్సరముల నిబంధనలతో ఈ పద్ధతి నెలకొనెను. ఇన్ స్పెక్టరు వచ్చి ఒక్కొక్క పిల్లవానిని చదువు, వ్రాత, లెక్కలలో పరీక్షించును. కృతార్థుడైనవాని పేర ఇంతయని సొమ్ము మంజూరగును. తప్పినవానికి ఏమియు లేదు.

ఈ పద్ధతివలన కలిగిన మేలును కాదనరాదు. అంతవరకు ప్రభుత్వపు లెక్కలో లేని వీథిబడి పంతులు సహాయమునకు అర్హుడయ్యెను. ముద్రితమైన వాచకములు, తరగతుల విభజన, హాజరుపట్టిక పల్లెబడికి చేరెను. 1882లో నియమింపబడిన హంటరు సంఘము సైతము దేశీయపాఠశాలలకు ఫలితములను బట్టియే సహాయము చేయవలెనని చెప్పెను. కాని కీడు కూడ ఆ పద్ధతిలోనే యున్నది. సొమ్ము పరీక్షనాటి జవాబుపై నాధారపడినపుడు బోధన ఆ జవాబు చుట్టునే తిరుగును. మందబుద్ధియైన బాలుడు పంతులుకు నష్టము; కోతలకాలమున పొలమునకు పోవు కూలివాని బిడ్డ మరింత నష్టము. పేదయూరిలోని బడి ఫలితములు తక్కువగుటచే సొమ్మును తక్కువగా పొందును. సొమ్ము తక్కువగుటచే ఫలితములు మరల తగ్గును. 1904లో కర్జను ప్రభుత్వపు విద్యాతీర్మానము ఈ పద్ధతిని నిరసించిన తరువాత అది క్రమముగా తొలగెను.

ప్రమాణమనగా నేమను ప్రశ్న ధనమునకు మాత్రమే సంబంధించినది కాదని తెలుగువారికి వెంటనే తెలియవచ్చెను. 1910 తరువాతి సంవత్సరములలో స్కూలు ఫైనలు పరీక్షయందు వ్యాసరచనను ఆధునికభాషలో వ్రాయవచ్చునా యను వివాదము చెలరేగెను. గిడుగు రామమూర్తిపంతులు, గురజాడ అప్పారావు ఒక పక్షమునను, జయంతి రామయ్యపంతులు, 1911లో స్థాపితమైన ఆంధ్రసాహిత్యపరిషత్తు మరియొక పక్షమునను నిలిచిరి. సాధారణముగా ఇది భాషాచరిత్రలో భాగముగా చెప్పబడుచున్నది. విద్యాశాసన చరిత్రలోను దీనికి స్థానము కలదని మా యభిప్రాయము. ఏది తప్పు, ఏది ఒప్పు అని నిర్ణయించు అధికారము పరీక్షాసంఘమునదా, పండితులదా, భాష మాటాడు ప్రజలదా అన్నదే అందలి మూలప్రశ్న.

తరువాతి శాసనములను సంగ్రహముగా చెప్పెదము. 1920 నాటి మదరాసు ప్రాథమికవిద్యా చట్టము స్థానికసంస్థలు విద్యాపన్ను విధించుటకును, నిర్బంధవిద్య నమలు చేయుటకును అవకాశ మొసగి, జిల్లా విద్యాసభల నేర్పరచెను. ఆంధ్రప్రదేశ్ అవతరించిన పిదప 1959 నాటి చట్టముతో ప్రాథమికపాఠశాలలు పంచాయతీ సమితులకును, ఉన్నతపాఠశాలలు జిల్లాపరిషత్తులకును చేరెను. 1982 విద్యాచట్టము వేర్వేరు శాసనముల నేకీకరించెను. 1997లో పరీక్షలలో అక్రమముల నివారణకు ప్రత్యేకశాసనము వచ్చెను. ఆ మరుసటి సంవత్సరమే సమాజభాగస్వామ్య చట్టము తల్లిదండ్రులతో కూడిన పాఠశాల విద్యాసంఘములను కల్పించెను. ఒకటి పరీక్షను కాపాడుటకు, మరియొకటి ఊరిని బడికి మరల దగ్గర చేయుటకు. ఈ రెండును ఒకదానివెంట నొకటి వచ్చుట యాదృచ్ఛికమే కావచ్చును గాని, పందొమ్మిదవ శతాబ్దపు రెండు మార్గములును మరల ప్రక్కప్రక్కన నిలిచినట్లు మాకు తోచుచున్నది.

2009లో పార్లమెంటు చేసిన విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము పాఠశాల యాజమాన్యసంఘమున మూడువంతులు తల్లిదండ్రులు లేక సంరక్షకులు ఉండవలెను. సభ్యులలో సగముమంది స్త్రీలు కావలెను. ప్రాథమికవిద్య ముగియువరకు ఏ బిడ్డనును తరగతిలో నిలిపివేయరాదని మొదట శాసించిన ఆ చట్టము, 2019 నాటి సవరణతో అయిదు, ఎనిమిది తరగతుల పరీక్షల విషయమున ప్రభుత్వములకు స్వేచ్ఛ నిచ్చెను. అదే 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పాఠశాలవిద్య నియంత్రణ, పర్యవేక్షణ సంఘమును ఏర్పరచు చట్టమును ఆమోదించెను. విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తి దానికి అధ్యక్షుడుగా నుండవలెనని నిర్దేశించెను.

ఇన్ని శాసనములను వరుసగా చూచినపుడు ఒక విషయము స్పష్టమగును. బడి తన్ను పోషించువారికి జవాబు చెప్పును. పోషించువాడు మారినపుడెల్ల ప్రమాణపు అర్థమును మారును. తండ్రి యిచ్చు జీతముతో నడచినపుడు ప్రమాణము శతకము అప్పగించుట; ఇన్ స్పెక్టరు సొమ్ముతో నడచినపుడు కృతార్థుల సంఖ్య. ఈ రెంటియందును లెక్కకు రానివాడు ఒక్కడే: బడికి రాలేని బిడ్డ. 1893లో మదరాసు ప్రభుత్వము పంచముల విద్యకు ప్రత్యేకసహాయము ప్రకటించువరకు అతని పేరు శాసనపరిభాషలో సరిగా వినబడలేదు. విద్యను హక్కుగా చెప్పిన చట్టముయొక్క నిజమైన విశేషము ఇందే కలదు; పన్ను చెల్లించినను చెల్లింపకున్నను, పరీక్షలో గెలిచినను ఓడినను, బిడ్డకు పాఠశాల జవాబుదారి యని అది చెప్పినది. ఆ మాట ఆచరణయందు ఎంత నిలిచినదను విచారణ వేరు.

కోనసీమ ఇప్పుడు 2022 ఏప్రిల్ 4 నుండి ప్రత్యేకజిల్లా. రావులపాలెము దానికి ముఖద్వారము. గౌతమి దాటి వచ్చు రాజమార్గము అచ్చటినుండియే వసిష్ఠవైపు సాగును. అరటితోటలకు, అరటికాయల సంతకు పేరుపడిన ఆ ప్రాంతమున చదువునకు వెచ్చింపగల స్తోమతు కలవారు, లేనివారు ప్రక్కప్రక్కనే యున్నారు. కొత్తపేట, అమలాపురము, రాజోలు ప్రాంతములలోని పాత పాఠశాలలయందు మిగిలియున్న హాజరుపట్టికలు, ఇన్ స్పెక్టర్ల అభిప్రాయపుస్తకములు, స్థానికసభల తీర్మానములు శిథిలము కాకముందే పరిశీలింపబడవలెను. శాసనము ఏమి చెప్పినదో గెజెటు తెలుపును. ఊరు దానిని ఎట్లు స్వీకరించినదో ఆ కాగితములే తెలుపవలెను. పరిశోధకవిద్యార్థులు ఈ క్షేత్రమునకు పూనుకొందురని ఆశించుచున్నాము.